బంగ్లాదేశ్ మళ్లీ 7 శాతం వృద్ధి చూస్తుందా? వచ్చే ఐదారేళ్ల మీద నా అంచనా

ప్రశ్న అడిగినవారు ఒక స్పిన్నింగ్ మిల్లులో అమ్మకాలు చూస్తారు. వాళ్ల నూలులో మంచి వాటా బంగ్లాదేశ్‌కే పోతోందట. "2024 గొడవల తర్వాత అక్కడి ఆర్థిక వ్యవస్థ చతికిలపడింది. వచ్చే ఐదారేళ్లలో పాత 7 శాతం వృద్ధి మళ్లీ వస్తుందా, లేక శ్రీలంకలా అవుతుందా? ఆ మార్కెట్‌ను నమ్ముకుని మిల్లు పెంచుకోవచ్చా?" అని అడిగారు. నేను బ్యాంకులో దేశాల రిస్కు చూసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఢాకా బ్యాంకులు తెరిచిన ఎల్‌సీల (కొనేవాడి తరఫున సరుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాల) ఫైళ్లు రోజూ చూసిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు సమాధానం: శ్రీలంకలా అవదు. 7 శాతమూ రాదు. సర్దుబాటు కాలం గడిచాక ఏటా 5 నుంచి 5.5 శాతం మధ్య నిలదొక్కుకుంటుందని నా లెక్క. 6 దాటి నిలబడాలంటే ఒకే ఒక్క పని జరగాలి: బ్యాంకులు బాగుపడాలి. దుస్తుల పరిశ్రమకు ఏమవుతుందోనని అందరూ దాని వైపే చూస్తారు. అసలు ముడి అక్కడ లేదు. ఫ్యాక్టరీ యజమానికి సత్తా ఉంది, కార్మికులున్నారు, కొనేవాళ్లున్నారు. అతనికి అప్పిచ్చే బ్యాంకు దగ్గర డబ్బు లేదు, అతనికి గ్యాసూ రోడ్డూ ఇవ్వాల్సిన ప్రభుత్వం దగ్గరా డబ్బు లేదు.

శ్రీలంక సంగతి తేల్చేద్దాం, అది తేలిక. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చేతులెత్తేయడానికి పెద్ద కారణం అంతర్జాతీయ మార్కెట్‌లో డాలర్ బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు. బంగ్లాదేశ్ ప్రభుత్వం అలాంటి బాండ్లు అమ్మనే లేదు. దాని విదేశీ అప్పులో ఎక్కువ భాగం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ లాంటివాళ్లు తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి ఇచ్చినది. దానికి తోడు గల్ఫ్‌లోనూ మలేషియాలోనూ పనిచేసే కార్మికులు పంపే డబ్బు 2024-25లో 30 బిలియన్ డాలర్లు దాటింది. అంతకు ముందు ఏడాది అది 24 బిలియన్ల లోపే. డాలర్ రేటు మార్కెట్‌కు దగ్గరగా వచ్చేసరికి, హుండీలో, అంటే బ్యాంకుల బయట అనధికారంగా, పోయే డబ్బు బ్యాంకు దారి పట్టింది. ఇంత ప్రవాహం ఉన్న దేశం డాలర్లకు ఇబ్బంది పడుతుంది గానీ దివాలా తీయదు.

ఇక 7 శాతం ఎందుకు రాదన్నది. దీనికి కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ పాత 7 శాతం ఎంత నిజం అన్నది మొదటి ప్రశ్న. 2018-19లో అధికారిక వృద్ధి దాదాపు 8 శాతం. అదే దశాబ్దంలో మిగతా అంకెలు చూడండి. జీడీపీలో ఎగుమతుల వాటా 2012లో 20 శాతం దాకా ఉండేది, దశాబ్దం చివరికి దాదాపు సగానికి పడిపోయింది. ప్రైవేటు పెట్టుబడి జీడీపీలో 23, 24 శాతం దగ్గరే ఏళ్ల తరబడి కదలలేదు. పన్నుల వసూలు వాటా పెరగలేదు సరికదా తగ్గింది. ఎగుమతులు, పెట్టుబడి, పన్నులు మూడూ జీడీపీ కంటే నెమ్మదిగా నడుస్తుంటే జీడీపీ ఒక్కటీ ఎలా పరిగెత్తింది? కొంత వాపుని చూసి బలుపు అనుకున్నారు. 2024 జూలైలో అక్కడి కేంద్ర బ్యాంకు ఎగుమతుల లెక్క సవరించినప్పుడు, అప్పటిదాకా ఎగుమతి ప్రోత్సాహక సంస్థ చెబుతూ వచ్చిన అంకెలోంచి 10 బిలియన్ డాలర్లకు పైగా ఎగిరిపోయాయి. ఒకే సరుకును రెండుసార్లు లెక్కించడం లాంటి పొరపాట్లట. మా విభాగంలో ఇలాంటి సవరణ వచ్చిన రోజు ఆ దేశం ఫైలు మొత్తం మొదటినుంచి తిరగరాయాల్సిందే. అప్పు చెల్లించే సత్తాను ఎగుమతులతోనే కొలుస్తాం మరి.

అలాగని సాధించింది తక్కువ అనడం లేదు. పేదరికం 2000లో జనాభాలో దాదాపు సగం. 2022 సర్వేలో 18.7 శాతం. ఆ మార్పు కళ్లకు కనిపించేదే. వృద్ధి నిజమే, అంకె మాత్రం కొంచెం ఉబ్బినది. నా చేతి లెక్కలో పాత వేగం 6 శాతం చుట్టూ ఉండి ఉంటుంది. కాబట్టి "7కి తిరిగి రావడం" అనే ప్రశ్నలోనే కొంచెం తేడా ఉంది.

ఆ నిజమైన వృద్ధి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే ముందేముందో సులువుగా తెలుస్తుంది. 1979 ప్రాంతంలో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ దక్షిణ కొరియా కంపెనీ దేవూతో ఒప్పందం చేసుకుని 130 మంది దాకా తన మనుషుల్ని బూసాన్‌కు శిక్షణకు పంపింది. అప్పట్లో మల్టీ ఫైబర్ ఒప్పందం అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద కొరియా లాంటి దేశాల దుస్తులకు కోటాలు ఉండేవి, బంగ్లాదేశ్‌కు లేవు. కొరియాకు కోటా తప్పించుకునే దారి కావాలి, వీళ్లకు పని కావాలి. శిక్షణ పొందినవాళ్లలో చాలామంది తర్వాత బయటికొచ్చి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు. ఇంతవరకూ అందరూ చెప్పే కథే. బ్యాంకు మనిషిగా నాకు ముఖ్యంగా కనిపించేది దాని పక్కనే ఉన్న రెండు ఏర్పాట్లు: బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ, బాండెడ్ వేర్‌హౌస్. చేతిలో విదేశీ ఆర్డరు ఎల్‌సీ ఉంటే చాలు, దాన్నే హామీగా చూపి గుడ్డకూ నూలుకూ ఇంకో ఎల్‌సీ తెరవవచ్చు. సొంత పెట్టుబడి అక్కర్లేదు. బాండెడ్ వేర్‌హౌస్ ఉంటే, ఎగుమతికి వాడే ముడిసరుకు మీద దిగుమతి సుంకం కట్టనక్కర్లేదు. కుట్టు మిషన్లు, షెడ్డు ఉంటే వ్యాపారం మొదలైపోయేది. అంటే బంగ్లాదేశ్ అద్భుతంలో సగం తక్కువ కూలీది, సగం బ్యాంకింగ్ ఏర్పాటుది. ఈ రెండో సగాన్ని మరిచిపోయి కూలీ రేట్లు మాత్రమే పోల్చేవాళ్లకు ఇప్పుడు ఏం చెడిందో అర్థం కాదు.

ఇప్పుడు చెడినది సరిగ్గా ఆ రెండో సగమే.

2020 ఏప్రిల్‌లో అప్పుల వడ్డీకి 9 శాతం పరిమితి పెట్టారు. 2023 జూన్ దాకా అది అలాగే ఉంది. వినడానికి పరిశ్రమకు మేలే. జరిగింది వేరు. వడ్డీ అలా బిగించి ఉంచితే బ్యాంకు చిన్నవాడికి, కొత్తవాడికి అప్పివ్వదు, ఎందుకంటే ఆ రిస్కుకు తగ్గ వడ్డీ తీసుకోలేదు. పెద్దవాళ్లకే ఇస్తుంది. ఆ పెద్దవాళ్లలో కొందరు బ్యాంకుల యజమానులే. తన బ్యాంకు నుంచి తన కంపెనీకి, తన కంపెనీ నుంచి దేశం బయటికి. 2024 డిసెంబరులో ఆర్థికవేత్త దేబప్రియ భట్టాచార్య నేతృత్వంలోని శ్వేతపత్రం కమిటీ 2009 నుంచి 2023 వరకు అక్రమంగా బయటికి పోయిన మొత్తాన్ని 234 బిలియన్ డాలర్లుగా అంచనా వేసింది. ఆ అంకె అంచనాయే, కచ్చితమైన ఖాతా కాదు, దాన్ని సగానికి తగ్గించుకుని చదివినా భయం వేస్తుంది.

మొండి బకాయిలు అంతకాలం కాగితం మీద తక్కువగా కనిపించేవి, ఎందుకంటే తిరిగి తిరిగి వాయిదాలు మార్చి "మంచి అప్పు"గా చూపేవారు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పోయాక ముసుగు తీశారు. 2025 ఏప్రిల్ నుంచి 90 రోజులు దాటితే మొండి బకాయి కిందే చూపాలన్న అంతర్జాతీయ పద్ధతి తెచ్చారు. దాంతో 2025లో మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో నాలుగో వంతు దాటాయి. ఐదు ఇస్లామిక్ బ్యాంకులను కలిపి ఒక్కటి చేసే పని మొదలుపెట్టారు. ఈ అంకె చూసి "పరిస్థితి దిగజారింది" అని పత్రికలు రాశాయి. నేనైతే దాన్ని మంచి సూచనగానే తీసుకున్నాను. రోగం అప్పటికే ఉంది, పరీక్ష ఇప్పుడు చేశారు. కానీ పరీక్షకూ చికిత్సకూ మధ్య డబ్బు కావాలి. నాలుగో వంతు అప్పులు రాని బ్యాంకుల్లోకి మూలధనం ఎవరు పోస్తారు? ప్రభుత్వమే. ప్రభుత్వం దగ్గర ఉందా?

ఇక్కడే రెండో ముడి. పన్నుల వసూలు జీడీపీలో 8 శాతం కూడా లేదు. ప్రపంచంలోనే అతి తక్కువ ఉన్న దేశాల్లో ఇదొకటి. అందులోనూ దిగుమతుల మీదా అమ్మకాల మీదా వచ్చేదే ఎక్కువ, ఆదాయ పన్ను తక్కువ. 2025 మేలో పన్నుల సంస్థను రెండుగా విడదీసి, విధానం ఒకరు, వసూలు ఒకరు చూడాలని ఆర్డినెన్స్ తెచ్చారు. ఆలోచన సరైనదే, ఐఎంఎఫ్ చాలాకాలంగా అడుగుతున్నదే. సిబ్బంది సమ్మెకు దిగారు, జూన్ చివర్లో చిట్టగాంగ్ రేవులో కస్టమ్స్ పని ఆగిపోయింది. దేశం విదేశీ వ్యాపారంలో సింహభాగం ఆ ఒక్క రేవు మీదుగానే జరుగుతుంది. సంస్కరణకు అడ్డం ఎక్కడుందో ఆ వారం అందరికీ తెలిసింది.

ఇప్పుడు 5.5 అనే అంకె ఎలా వచ్చిందో చెబుతాను, పెద్ద మోడల్ ఏమీ లేదు. మొత్తం పెట్టుబడి జీడీపీలో 30 శాతం దగ్గర ఉందనుకోండి. ఒక శాతం వృద్ధికి ఎంత పెట్టుబడి పడుతుందన్నది అసలు ప్రశ్న. డబ్బు సరైన చోటికి పోయే దేశంలో జీడీపీలో 4, 4.5 శాతం పెట్టుబడి చాలు. బ్యాంకులు అయినవాళ్లకే ఇచ్చే చోట, కట్టిన కరెంటు ప్లాంట్లు ఖాళీగా కూర్చున్న చోట, 5.5 శాతం పడుతుంది. 30ని 5.5తో భాగిస్తే 5.5 లోపే వస్తుంది. అదే 4.5తో భాగిస్తే 6.7. ఆ మధ్యలో ఉన్న ఒక శాతం పైచిలుకు తేడా అంతా బ్యాంకుల నాణ్యతదే అని నా అభిప్రాయం. పెట్టుబడి ఇంకా పెంచనక్కర్లేదు, ఉన్నదాన్ని తిన్నగా పంపిస్తే చాలు.

ఖాళీ ప్లాంట్లన్నది మాటవరసకు అన్నది కాదు. కరెంటు ఉత్పత్తి సామర్థ్యం 27 వేల మెగావాట్ల పైనే. 2024 ఏప్రిల్‌లో రికార్డు స్థాయి ఉత్పత్తి 16 వేల చిల్లర మెగావాట్లు. మిగతా ప్లాంట్లు నడవకపోయినా వాటికి కెపాసిటీ చార్జీ కట్టాలి. ఇంకోవైపు గ్యాసు లేదు. సొంత గ్యాసు బావులు తరిగిపోతున్నాయి, 2018 నుంచి ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజ వాయువు) దిగుమతి చేసుకుంటున్నారు. స్పిన్నింగ్ మిల్లు నడిచేది సొంత గ్యాసు జనరేటర్ మీద. ప్రెషర్ పడిపోతే స్పిండిళ్లు ఆగుతాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త పరిశ్రమలకు ఘనమీటరు గ్యాసు ధర 30 టాకాల నుంచి 40కి పెంచారు. పాతవాళ్లకు పాత రేటు, కొత్తగా వచ్చేవాడికి మూడో వంతు ఎక్కువ. కొత్త పెట్టుబడి కావాలనుకునే దేశం చేయాల్సిన పనేనా ఇది?

మంచి వైపూ ఉంది, దాన్ని తక్కువ చేయను. పని చేసే వయసువాళ్లు ఇంకా పెరుగుతూనే ఉన్నారు. ఒక్కో స్త్రీకి పిల్లలు 1970ల్లో ఆరుకు పైగా, ఇప్పుడు రెండు చుట్టూ. ఫ్యాక్టరీలలో 40 లక్షల మంది దాకా ఉన్నారు, వాళ్లలో సగానికి పైగా స్త్రీలే. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక భవనాల తనిఖీలు గట్టిగా జరిగాయి. ఇవాళ అక్కడి మంచి ఫ్యాక్టరీలు ఏ దేశానికీ తీసిపోవు. 2022 జూన్‌లో తెరిచిన 6.15 కిలోమీటర్ల పద్మ వంతెన నైరుతి జిల్లాలను ఢాకాకు దగ్గర చేసింది. డాలర్ రేటును 2025 మేలో మరింత స్వేచ్ఛగా వదిలేశారు, విదేశీ మారక నిల్వలు ఐఎంఎఫ్ పద్ధతి లెక్కలో 2025 జూన్ నాటికి 25 బిలియన్ డాలర్లు దాటాయి. 2023 మార్చి నుంచి 9 శాతం పైనే ఉన్న ధరల పెరుగుదల 2025 జూన్‌లో దాని కిందికి దిగింది. స్థిరత్వం వచ్చింది. కానీ స్థిరత్వం వేరు, వేగం వేరు.

పేద దేశాల జాబితా నుంచి బయటికి రావడం గురించి. ఐక్యరాజ్యసమితి దీనికి పెట్టిన తేదీ 2026 నవంబరు 24. అక్కడి వ్యాపార సంఘాలు వాయిదా కావాలని అడుగుతూనే ఉన్నాయి. వాయిదా పడినా పడకపోయినా మధ్యకాలిక లెక్కలో ఇది తప్పదు. దుస్తుల ఎగుమతుల్లో దాదాపు సగం యూరోపియన్ యూనియన్‌కే పోతుంది, ఇప్పుడు సుంకం లేకుండా. హోదా మారాక కూడా ఈయూ మూడేళ్ల గడువు ఇస్తుంది. ఆ తర్వాత రాయితీ మిగలాలంటే మూలం నిబంధనలు, అంటే సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్కో తేల్చే నియమాలు, కఠినం అవుతాయి. ఇప్పుడు చైనా గుడ్డ తెచ్చి కుట్టి పంపినా చాలు. అప్పుడు గుడ్డ కూడా అక్కడే తయారవ్వాలి.

మీకు ఇది చెడు వార్త కాదు. బహుశా ఈ సమాధానం మొత్తంలో మీ మిల్లుకు పనికొచ్చే మాట ఇదే. టీషర్టులు, బనియన్ల లాంటి అల్లిక రకాలకు గుడ్డ ఇప్పటికే ఎక్కువగా అక్కడే తయారవుతుంది. ప్యాంట్లు, చొక్కాల నేత గుడ్డే చైనా నుంచి వస్తుంది. గుడ్డ అక్కడే కావాలన్న నిబంధన వస్తే మగ్గాలు, నిట్టింగ్ మిషన్లు పెరగాలి, వాటికి నూలు కావాలి. ఆ నిబంధన గుడ్డ దగ్గర మొదలవుతుంది, నూలు బయటి నుంచి రావచ్చు. కాబట్టి దేశం వృద్ధి 5 శాతమే అయినా మీ నూలు గిరాకీ అంతకంటే వేగంగా పెరిగే అవకాశం ఉంది. దేశం జీడీపీ, మీ సరుకు గిరాకీ ఒకటి కావు. చాలామంది ఎగుమతిదారులు మొదటిదాన్ని చూసి రెండోదాన్ని నిర్ణయిస్తారు.

అడ్డంకి రాజకీయాల నుంచి రావచ్చు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గపు రేవుల ద్వారా నూలు రాకను ఆపేసింది. భారత్ తన వైపు నుంచి ట్రాన్స్‌షిప్‌మెంట్ సౌకర్యం (బంగ్లాదేశ్ సరుకు మన దేశం మీదుగా వేరే దేశాలకు పోనివ్వడం) ఎత్తేసింది, మేలో వాళ్ల రెడీమేడ్ దుస్తులను భూమార్గాన రానివ్వకుండా కోల్‌కతా, నవాషేవా రేవులకే పరిమితం చేసింది. సముద్రం దారి తెరిచే ఉంది గనుక వ్యాపారం ఆగలేదు, రోజులూ ఖర్చూ పెరిగాయి. అక్కడి స్పిన్నర్లు తమ నూలుకు రక్షణ అడుగుతారు, దుస్తులు కుట్టేవాళ్లు చవక నూలు అడుగుతారు. ఈ పోరు ఎటు తిరుగుతుందన్నదే మీకు నిజమైన రిస్కు, జీడీపీ కాదు.

మిల్లు పెంచడం గురించి సూటిగా చెప్పాలంటే: గిరాకీని నమ్మండి, బ్యాంకును నమ్మకండి. 2022 చివర్లో, 2023లో మా ముందుకొచ్చిన ఫిర్యాదులన్నీ ఒకేలా ఉండేవి. యాక్సెప్టెన్స్ (ఫలానా రోజున చెల్లిస్తామన్న బ్యాంకు ఒప్పుకోలు) వచ్చింది, గడువు దాటింది, డబ్బు లేదు. అప్పట్లో కేంద్ర బ్యాంకు ఎగుమతి అభివృద్ధి నిధి నుంచి డాలర్లు తీసుకుని ముడిసరుకు ఎల్‌సీలు చెల్లించేవారు. 7 బిలియన్ల దాకా పెరిగిన ఆ నిధిని నిల్వలు కాపాడుకోవడానికి బాగా కుదించారు. దాంతో బలం లేని బ్యాంకులు డాలర్లకు వెతుక్కున్నాయి. ఒక మిల్లు ఫైలు బాగా గుర్తుంది. ఒకే ఏడాది ఇద్దరికి నూలు పంపింది. ఒకరు పేరున్న పెద్ద గ్రూపు, ఎల్‌సీ తెరిచింది అప్పటికే నీరసించిన ఒక స్థానిక బ్యాంకు. మరొకరు ఎవరికీ తెలియని చిన్న నిట్టింగ్ ఫ్యాక్టరీ, ఎల్‌సీ ఒక విదేశీ బ్యాంకు ఢాకా శాఖది. చిన్నవాడి డబ్బు గడువు రోజుకే వచ్చింది. పెద్దవాడిది నెలల తరబడి రాలేదు. అందుకని కొనేవాడి బ్యాలెన్స్ షీటు కంటే ముందు ఎల్‌సీ తెరిచే బ్యాంకు మొండి బకాయిలు చూడండి. బలహీన బ్యాంకైతే కన్‌ఫర్మేషన్ (ఆ ఎల్‌సీకి మరో బలమైన బ్యాంకు అదనపు హామీ) చేయించుకోండి, ఆ ఖర్చు ధరలో కలపండి, ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు వదిలేయండి. 120 రోజుల యూజెన్స్ (అరువు గడువు) మీద పావలా ఎక్కువ ధర ఆశపడి చేసే అమ్మకం నా దృష్టిలో అమ్మకం కాదు, ఆ బ్యాంకుకు మీరిచ్చే అప్పు.

నా అంచనా తప్పని తేలాలంటే ఎక్కడ తేలుతుంది? జీడీపీ అంకెల్లో కాదు, అవి ఏడాది ఆలస్యంగా వస్తాయి, తర్వాత సవరిస్తారు. అక్కడి కేంద్ర బ్యాంకైన బంగ్లాదేశ్ బ్యాంకు ప్రతి నెలా ఇచ్చే ప్రైవేటు రంగ రుణాల పెరుగుదల చూడండి. 2025 జూన్ నాటికి అది 7 శాతం కిందికి దిగింది, ధరల పెరుగుదల కంటే కూడా తక్కువ. అంటే అసలు విలువలో ప్రైవేటు రుణం కుంచించుకుపోతోంది. దాంతోపాటు యంత్రాల దిగుమతికి తెరిచే ఎల్‌సీలు చూడండి. ఈ రెండూ కలిసి వరసగా నాలుగైదు త్రైమాసికాలు పైకి కదిలితే, అదీ ప్రభుత్వ బాండ్లు కొనడంలోనే మునిగిపోకుండా బ్యాంకులు కొత్త ఫ్యాక్టరీలకు ఇస్తున్నాయని తేలితే, నేను 5.5ని చెరిపి 6.5 రాసుకుంటాను. రుణాలు పెరిగి యంత్రాల ఎల్‌సీలు పెరగకపోతే మాత్రం పాత కథే మళ్లీ నడుస్తోందని అనుకోండి.